మధ్యలో ఆగిపోయాను, మళ్లీ వెళ్లాలా?

నల్లగొండ నుంచి ఒక సోదరి, తన పేరు ప్రచురించవద్దన్న విన్నపంతో, ఆరు పేజీల ఉత్తరం రాశారు. ఆమె వయసు 41. పుట్టి పెరిగింది మర్రిగూడ మండలంలోని ఒక ఊళ్లో, పెళ్లయ్యాక ఉంటున్నది నల్లగొండ పట్టణంలో. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఏడాదిగా బీపీకి మాత్ర వేసుకుంటున్నారు. గత మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఈ మధ్య 6.1 వచ్చింది, ఇది షుగర్ వ్యాధికి ముందు మెట్టు అని డాక్టరు హెచ్చరించారు. ఆ భయంతో, తోటి ఉద్యోగిని మాట మీద, హైదరాబాద్ రోడ్డు వైపు కొత్తగా పెట్టిన ఒక ఫిట్‌నెస్ సెంటర్‌లో మూడు నెలలకు ఆరు వేలు కట్టి చేరారు. పొద్దున ఐదుముప్పావుకు క్లాసు, మేడ మీద రేకుల షెడ్డు, ఇరవై ఐదు మంది ఆడా మగా, పెద్ద శబ్దంతో పాటలు, 45 నిమిషాల పాటు గెంతులు, గుంజీలు, నేల మీద పడి లేవడాలు.

ఏమీ తినకుండా వెళ్లిన ఆమెకు పన్నెండో నిమిషానికి కళ్లు బైర్లు కమ్మాయి. గోడకు ఆనుకుని కూర్చుంటే, మైకు పట్టుకున్న ట్రైనర్ "మేడమ్, ఆగొద్దు, ఆగితే ఫలితం ఉండదు" అని అందరూ వినేలా అన్నాడు. మరునాడు సెంటర్ వాళ్లు వాట్సాప్ గ్రూపులో పెట్టిన వీడియోలో, చిన్నప్పటి నుంచి ఉన్న గార పళ్లు కనబడకుండా చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని కూలబడి ఉన్న తనను తాను చూసుకుని ఆమె కుంగిపోయారు. మూడు రోజులు మెట్లు దిగలేకపోయారు. తొడల నొప్పి నాలుగో రోజుకు పోయింది కానీ కుడి మోకాలు తొమ్మిది రోజులైనా సలుపుతూనే ఉంది. కట్టిన పైసలు దండుగ కావద్దు, పొమ్మని భర్త అంటున్నారు. పొలంల నాట్లేసినన్ని రోజులు మాకు ఏ జిమ్ము అక్కర పడిందని అత్తమ్మ అడుగుతున్నారు. ఇంట్లో ఒక్కరే మొదలుపెట్టిన వ్యాయామం ఏదైనా నాలుగో రోజుకే ఆగిపోతుందని, పదిమందిలో అయితేనే సాగుతుందని ఆమె అనుభవం. చివరన ఇలా రాశారు: "ఏడో తరగతిల బడి తరఫున ఖోఖో ఆడిన నేను పన్నెండు నిమిషాలు నిలవలేకపోయిన. నా ఒంట్లనే ఏమన్న లోపం ఉన్నదా? మళ్లీ పోవాల్నా, మానుకోవాల్నా?"

అమ్మా,

మీరు అడిగింది ఒక్క ప్రశ్నే అయినా అందులో మీ ఒంటి సంగతి, ఆ క్లాసు నడిపే తీరు, నలుగురిలో పడ్డ నామోషీ కలగలిసిపోయి ఉన్నాయి. వీటిని విడదీయకుండా వెళ్లమనో మానమనో చెప్పేస్తే ఆ సలహా మీకు రెండు రోజులు కూడా అక్కరకు రాదు. ముప్పై ఏళ్లు ఈ జిల్లా బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేసినదాన్ని కాబట్టి, ముందు మీ ఖోఖో దగ్గరే మొదలుపెడతాను.

తరిమే జట్టులో తొమ్మిది మంది మైదానంలోకి దిగితే, ఎనిమిది మంది ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి వరుసగా కూర్చుంటారు, ఒక్కరే పరుగెత్తుతారు. ఆ ఒక్కరూ కొంత తరిమి, దమ్ము తగ్గుతుందనగానే కూర్చున్న మనిషి వెనక్కి చేరి, తట్టి "ఖో" అని, ఆమె చోట తాను కూర్చుంటారు. అలా కూర్చున్నందుకు మిమ్మల్ని ఏ మాస్టరూ మందలించి ఉండరు. ఆ కూర్చోవడంలోనే ఊపిరి కుదుటపడి, మళ్లీ మీ వంతు వచ్చేసరికి అంతే వేగంతో లేచేవారు. ఇప్పుడు హై ఇంటెన్సిటీ ఇంటర్వల్ ట్రైనింగ్ అని పిలుస్తున్న వ్యాయామం నడిచేదీ ఈ పద్ధతిలోనే: కొద్దిసేపు బాగా బలం పెట్టి శ్రమించడం, విరామం, మళ్లీ శ్రమ. విరామంలో గుండె, ఊపిరి కాస్త దిగివస్తేనే తర్వాతి విడతలో ఆ తీవ్రత సాధ్యమవుతుంది. అందువల్ల ఆగితే ఫలితం ఉండదన్న మాట ఈ వ్యాయామం విషయంలో చెల్లదు. ఎవరికి ఎంత విరామం కావాలన్నది మాత్రం మనిషిని బట్టి మారుతుంది. పాతికేళ్ల కుర్రవాడికి పది సెకన్లు చాలితే, ఏళ్లుగా పరుగెత్తని మీకు ఒక నిమిషమో, నిమిషంన్నరో కావాలి.

ఆ క్లాసుకు వాళ్లు "టబాటా" అని పేరు పెట్టారని రాశారు కాబట్టి దాని పుట్టుక కూడా చెబుతాను. జపాన్‌కు చెందిన ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన పరిశోధన నుంచి ఈ పేరు వచ్చింది. 20 సెకన్లు అత్యంత తీవ్రంగా తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది విడతలు, అంటే మొత్తం కలిపి సుమారు నాలుగు నిమిషాలు. అది చేసినవారు ఆటల్లో ఆరితేరిన యువకులైన విద్యార్థులు, చేసింది కదలకుండా నిలబెట్టిన సైకిలు మీద, గెంతులతో కాదు. అదే పేరుతో 45 నిమిషాల పాటు గెంతించేది వేరే వ్యాయామం. దానిలో పన్నెండు నిమిషాలు నిలబడ్డ మీరు తక్కువ చేయలేదు. నేల మీదికి వంగి, కాళ్లు వెనక్కి చాచి, తిరిగి లేచి ఎగిరే బర్పీ కూడా అంతే. 1930లలో అమెరికాలో రాయల్ బర్పీ దాన్ని శరీర దార్ఢ్యం కొలిచే చిన్న పరీక్షగా రూపొందించారు, నాలుగు సార్లు చేయించి నాడి చూసేవారు. ఇప్పుడు క్లాసుల్లో దాన్ని పదుల సంఖ్యలో చేయిస్తున్నారు.

కళ్లు బైర్లు కమ్మడానికి మీ ఉత్తరంలోనే కారణాలు కనబడుతున్నాయి. రాత్రి ఎనిమిదింటికి తిన్న తర్వాత దాదాపు పది గంటల పాటు కడుపు ఖాళీగా ఉంది. ఏప్రిల్ నెలలో రేకుల షెడ్డు, లోపల ఇరవై ఐదు మంది ఊపిరి, చెమట. నేల మీది నుంచి ఒక్కసారిగా లేచినప్పుడు రక్తం కాళ్లలోకి దిగి, మెదడుకు ఒక క్షణం తక్కువగా అందుతుంది. వీటికి తోడు బీపీ మాత్ర. ఈ మాత్రల్లో కొన్ని ఒంట్లోని నీటిని మూత్రం ద్వారా తీసేస్తాయి, కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు. మీది ఏ రకమో డాక్టరును అడిగి తెలుసుకోండి. రెండో రకమైతే, 220లోంచి వయసు తీసేసి గుండె ఇంత వేగంగా కొట్టుకోవాలని గోడ మీద రాసి పెట్టే లెక్క మీకు వర్తించదు, ఆ అంకెను అందుకోవాలని ప్రయత్నిస్తే మీ శక్తికి మించిన శ్రమ అవుతుంది. మీ అంతట మీరు మాత్ర మానడం గానీ, వేళ మార్చడం గానీ చేయకండి. హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించుకోండి. మన రాష్ట్రంలో సగానికి పైగా మహిళల్లో రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. గర్భంతో లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత ఉన్నట్టు, అది ముదిరితే మెట్లెక్కినా ఆయాసం రావచ్చు, ఇక గెంతుల సంగతి చెప్పనక్కర లేదు.

నొప్పుల విషయంలో రెండింటిని వేరుచేసి చూడాలి. తొడల నొప్పి లాక్టిక్ యాసిడ్ పేరుకోవడం వల్ల వచ్చిందని మీకు చెప్పారట. ఆ పదార్థం వ్యాయామం ముగిసిన కొద్ది గంటల్లోనే రక్తంలోంచి తొలగిపోతుంది, రెండో రోజు నొప్పికి అది కారణం కాలేదు. అలవాటు లేని శ్రమలో, ముఖ్యంగా కండరం బరువు మోస్తూ సాగినప్పుడు, కండర పోగుల్లో కంటికి కనబడనంత సన్నని గాయాలవుతాయి. గెంతి కిందికి దిగేటప్పుడు, గుంజీలో కిందికి వంగేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు తొడ కండరం చేసే పని అదే కాబట్టి మీకు ఎక్కడం కంటే దిగడం కష్టమయింది. ఈ నొప్పి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి తగ్గిపోతుంది. పైగా అదే పని మళ్లీ చేసినప్పుడు నొప్పి బాగా తక్కువగా వస్తుంది. కాబట్టి దాని గురించి దిగులు అక్కర లేదు. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోండి: ఎప్పుడైనా ఇలాంటి క్లాసు తర్వాత కండరాలు వాచి భరించలేని నొప్పి వచ్చినా, మూత్రం టీ డికాక్షన్ రంగులో పోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కండరం దెబ్బతిని దానిలోని పదార్థాలు మూత్రపిండాలను పాడుచేసే స్థితి అది, ఆలస్యం చేయకూడదు.

మోకాలి నొప్పి వేరు. ఒకే వైపు ఉండి, తొమ్మిది రోజులైనా తగ్గనిది కీలుకు సంబంధించినదై ఉండవచ్చు. ఇక్కడ నాకు మీ పుట్టిన ఊరు గుర్తుకు వస్తోంది. మర్రిగూడ వైపు బోరు నీళ్లు తాగి పెరిగిన పిల్లలకు నేను పాఠం చెప్పాను. గార పళ్లతో నవ్వడానికి మొహమాటపడే ఆడపిల్లలను, ఇరవై ఏళ్లకే మెడ తిప్పలేక మొత్తం మనిషే పక్కకు తిరిగే యువకులను చూశాను. మిషన్ భగీరథ నీళ్లు రాకముందు మీ బాల్యమంతా ఆ నీళ్లతోనే గడిచి ఉంటుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. ఆ హద్దు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లతో ఆగక, ఎముకలు చిక్కబడి, కీళ్ల చుట్టూ ఉండే పట్టీలు గట్టిపడి, వెన్ను, మోకాళ్లు బిగుసుకునే ప్రమాదం ఉంది. మీకు అది ఉందని నేను అనడం లేదు. గార పళ్లున్న వారందరికీ ఎముకల జబ్బు రాదు. కానీ పొద్దున లేవగానే నడుము బిగుసుకుపోవడం, గొంతుకూర్చోలేకపోవడం, గడ్డం ఛాతీకి ఆనకపోవడం లాంటివి మీకు ఉంటే, గెంతులు మొదలుపెట్టే ముందు ఎముకల డాక్టరును కలిసి ఎక్స్‌రే తీయించుకోవాలి. మీది ఏ ఊరో, ఏ నీళ్లు తాగి పెరిగారో ఆయనకు మీరే చెప్పండి, అడిగేదాకా ఆగవద్దు. హైదరాబాద్‌లో తయారైన క్లాసు పద్ధతిని మన దగ్గరికి తెచ్చినవారు, నల్లగొండలో మోకాలి నొప్పి అన్న మనిషిని ఈ ప్రశ్న తప్పక అడగాలని నా గట్టి అభిప్రాయం.

ఆ ట్రైనర్ గురించి నాకు కోపం లేదు. నేనూ "ఆగొద్దు" అని అరిచినదాన్నే. ఒక ఉదయం మైదానంలో ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. ఆమె నిన్న మధ్యాహ్నం బడి భోజనం తర్వాత ఏమీ తినలేదని తెలిశాక, ఆ మాట అనే ముందు ఏమైనా తిన్నావా అని అడగడం నేర్చుకున్నాను. మీరు చేరిన రోజు మీ వయసు, మాత్రలు, పాత దెబ్బలు ఎవరైనా అడిగి రాసుకున్నారా? అడగలేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ లోపం మీది కాదు, నడిపేవారిది. వీడియో సంగతి మరీ సూటిగా ఉంది. మీ అనుమతి లేకుండా తీసి పంచారు, తీసివేయమని అడిగే హక్కు మీకు ఉంది. నోటితో చెప్పడం కష్టమైతే "గ్రూపులో పెట్టిన క్లాసు వీడియోలో నేను ఉన్నాను, దయచేసి తొలగించండి, ఇకపై నన్ను తీయవద్దు" అని నిర్వాహకులకు వాట్సాప్‌లో రాయండి. రాత ఉంటే జవాబు కూడా రాతలోనే వస్తుంది.

మీ అత్తమ్మ మాటను నేను కొట్టిపారేయను. నడుము వంచి రోజంతా నాట్లేసిన మనిషికి మన వ్యాయామాలు వింతగానే తోస్తాయి. ఆ శ్రమ మీ రోజులో లేదన్నదే మీ ఇబ్బంది అని ఆమెకు చెప్పి చూడండి, అర్థం చేసుకుంటారనే నా నమ్మకం. మీ భర్త చెప్పే డబ్బు లెక్క మాత్రం తిరగేసి చూడాలి. ఆరు వేలు మీరు వెళ్లినా తిరిగి రావు, వెళ్లకపోయినా రావు. మోకాలు పాడైతే మరో ఖర్చు వచ్చి పడుతుంది. రసీదు వెనక ఏం రాసి ఉందో చదవండి, ఆరోగ్య కారణంతో నెలా రెండు నెలలు వాయిదా వేసుకోవడానికో, మరొకరి పేరుకు మార్చుకోవడానికో వీలుందేమో అడగండి.

ఇక మీ ముందున్న దారులు. మోకాలికి పెద్ద ఇబ్బంది లేదని డాక్టరు చెబితే, అదే క్లాసుకు మీ షరతులతో తిరిగి వెళ్లవచ్చు. ఒక రోజు పది నిమిషాలు ముందుగా వెళ్లి, ట్రైనర్‌తో ఒంటరిగా మాట్లాడండి: బీపీ మాత్ర వేసుకుంటున్నాను, మోకాలి నొప్పి ఉంది, గెంతే చోట అడుగులు వేస్తాను, బర్పీకి బదులు గోడకు చేతులు ఆన్చి చేస్తాను, నాకు కావలసినప్పుడు ఆగుతాను, మైకులో నన్ను పిలవవద్దు. తలుపు దగ్గర, గాలి ఆడే చోట నిలబడండి. బయలుదేరే అరగంట ముందు ఒక చిన్న అరటిపండో, రెండు ఖర్జూరాలో తిని, గ్లాసుడు నీళ్లు తాగండి. మొదటి రెండు వారాలు పదిహేను, ఇరవై నిమిషాలకే ముగించి, చతికిలబడకుండా మెల్లగా నడుస్తూ ఊపిరి దించుకుని బయటికి రండి. వారానికి రెండు రోజులు, మధ్య రెండు రోజుల విశ్రాంతి చాలు. ఎంత కష్టపడుతున్నారో తెలుసుకోవడానికి గడియారం అక్కర లేదు. మాట్లాడగలిగి పాట పాడలేకపోతే అది మధ్యస్థమైన శ్రమ, రెండు మూడు మాటలకు మించి పలకలేకపోతే తీవ్రమైన శ్రమ. మీరు మొదటి నెలంతా మొదటి దశలోనే ఉండండి. ఈ దారిలో మీకు కావలసిన పదిమంది తోడు నిలుస్తుంది, డబ్బూ వృథా పోదు. కానీ పాటల హోరులో, పక్కవారి వేగం చూసి, మీరు అనుకున్న హద్దు మరిచిపోయే ప్రమాదం ఉంది. మీ షరతులు విని ట్రైనర్ చిరాకుపడితే, ఆ క్లాసు మీకు తగదని మరో నెల ఆగకుండానే తెలిసిపోతుంది.

లేదా రెండు నెలలు వాయిదా వేయించుకుని, ఈలోగా ఎన్జీ కాలేజీ మైదానంలో నడక మొదలుపెట్టవచ్చు. పెద్దవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థమైన శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల తీవ్రమైన శ్రమ గానీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది, దానితో పాటు వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. రోజుకు అరగంట చొప్పున ఐదు రోజుల చురుకైన నడక మొదటి లెక్కకు సరిపోతుంది. నాలుగో వారం నుంచి రెండు నిమిషాల మామూలు నడక తర్వాత అర నిమిషం వేగంగా నడవండి, ఇది గెంతులు లేని ఇంటర్వల్. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం పదేసి సార్లు చేస్తే తొడలకు బలం వచ్చి మోకాలి మీద భారం తగ్గుతుంది. మీ ఒంటికి అన్నిటికంటే భద్రమైనది ఈ దారే. దీనికి అడ్డం మీరు చెప్పిన ఆ నాలుగో రోజు. అందుకని మిమ్మల్ని క్లాసుకు తీసుకెళ్లిన ఆ తోటి ఉద్యోగినినే నడకకు కూడా పిలవండి. మే నెలలో 44 డిగ్రీల ఎండలు కాసే ఊరు మనది కాబట్టి ఆరున్నర లోపలే ఇంటికి చేరేలా చూసుకోండి.

ఆ చోటే ఇక వద్దనిపిస్తే మానేయడమూ ఒక దారే, దానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర లేదు. కానీ మానేసింది ఆ క్లాసును మాత్రమేనని, కదలికను కాదని మీకు మీరు నిలబెట్టుకోవాలి. మీ 6.1 ఇంకా వెనక్కి తిప్పగలిగిన అంకె. భోజనం అయ్యాక పది, పదిహేను నిమిషాలు నడిచినా కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి. ఆడవారికి మాత్రమే ఉండే బ్యాచ్ ఎక్కడైనా దొరికితే చూడండి, మీ మొహమాటం కొంత తగ్గుతుంది.

ఏ దారి ఎంచుకున్నా, శ్రమ చేస్తుండగా ఛాతీలో బిగువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఆగినా తగ్గని ఆయాసం, స్పృహ తప్పుతున్నట్టు అనిపించడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆపి, పక్కవారికి చెప్పి, 108కి ఫోన్ చేయించండి. గ్యాస్ నొప్పిలే అనుకుని ఇంటికి నడిచి వెళ్లవద్దు.

మీ ఒంట్లో లోపం ఉందా అని అడిగారు. పన్నెండు నిమిషాల తర్వాత కూర్చోవాలని మీ ఒళ్లు సరిగ్గానే చెప్పింది, మీరూ సరిగ్గానే విన్నారు. మోకాలి మాట మాత్రం ఇంకా తేలలేదు. ఈ వారంలోనే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీపీ మాత్రల చీటీ, 6.1 వచ్చిన రిపోర్టు, వీలైతే హిమోగ్లోబిన్ రిపోర్టు కూడా వెంట తీసుకెళ్లండి. డాక్టరు ఏమన్నారో రెండు ముక్కలు రాసి పంపితే, మోకాలి మీద భారం పడకుండా ఆ క్లాసులోనే దేనికి బదులు ఏది చేయవచ్చో వివరంగా రాసి పంపుతాను.